మొటిమలకు గొట్టం మాత్రలా? మూడు నెలలే సుమా!

పిల్ల తొమ్మిదో క్లాసుకి వచ్చిందంటే చాలు, ఇంట్లో అద్దానికి తీరికుండదు. నుదుటి మీద ఒకటి, గడ్డం మీద రెండు... తల్లి చూసి "వయసు పొక్కులే, అవే పోతాయి" అంటుంది. నాయనమ్మ శనగపిండిలో పసుపు కలిపి తెస్తుంది. పక్కింటావిడ టూత్‌పేస్టు రాయమంటుంది. ఏడాది గడిచి, పిల్ల ఇంటర్లో చేరి, బుగ్గలంతా ఎర్రగా గడ్డలు కట్టాక అప్పుడు మొదలవుతుంది అసలు కంగారు. ఆ కంగారులో మనం ముందు వెళ్ళేది డాక్టరు దగ్గరికి కాదు, మందుల షాపుకి!

భోగాపురం లాంటి చోట ఇది మరీ తేలిక. విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్ళే హైవే మీద ఊరు. ఒక పక్క జీడితోటలు, కొబ్బరితోటలు, ఇంకో పక్క ముక్కాం లాంటి సముద్రపు పల్లెలు. చర్మం డాక్టరుకి చూపించాలంటే విజయనగరమో విశాఖో బస్సెక్కాలి. ఆ రోజు ఇంటి పని పోతుంది, పిల్ల కాలేజీ పోతుంది, ఫీజు, ఛార్జీలు సరేసరి. షాపుకి వెళ్తే అయిదు నిమిషాలు. "గుంటకి మొకమంతా పొక్కులొచ్చేసినాయి బాబూ, ఏటైనా మంచి బిళ్ళుంటే ఇయ్యి" అంటే, "రోజుకోటి ఏసుకోమనమ్మా, తగ్గిపోతాది" అని ఒక స్ట్రిప్పు చేతిలో పడుతుంది. పదిరోజులు వాడతారు. కాస్త తగ్గినట్టుంటుంది, ఆపేస్తారు. మళ్ళీ వస్తాయి, మళ్ళీ అదే స్ట్రిప్పు. ఖాళీ స్ట్రిప్పు ముక్క పర్సులో పెట్టుకుని, అది చూపించి కొనుక్కుంటూ ఏడాది, రెండేళ్ళు నడిపించేవాళ్ళు కూడా ఉంటారు.

ఆ స్ట్రిప్పులో ఉండేది చాలాసార్లు డాక్సీసైక్లిన్ గొట్టమో, అజిత్రోమైసిన్ మాత్రో. రెండూ యాంటీబయాటిక్సే. మరి ఇవి మొటిమలకి పనిచెయ్యవా అంటే, చేస్తాయి. ముఖ్యంగా డాక్సీసైక్లిన్ మంచి మందు. ప్రపంచమంతటా చర్మవైద్యులు రాస్తున్నారు. గొడవల్లా ఎవరికి, ఎన్నాళ్ళు, దేనితో కలిపి అన్న దగ్గరే.

ఇంతకీ మొటిమ ఎందుకొస్తుంది?

చర్మం కింద నూనె గ్రంథులు ఉంటాయి. ఈడొచ్చే వయసులో హార్మోన్ల వల్ల అవి ఎక్కువ నూనె తయారుచేస్తాయి. ఆ నూనె బయటికొచ్చే రంధ్రం మృతకణాలతో మూసుకుపోతే లోపల ముద్దగా పేరుకుంటుంది. పైకి నల్లచుక్కగానో, తెల్లటి గింజలాగానో కనబడేది అదే. మన అందరి చర్మం మీదా, మొటిమలు లేని వాళ్ళ మీద కూడా, క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి కాపురం ఉంటుంది. మూసుకున్న రంధ్రంలో దానికి తిండి దొరికి పెరుగుతుంది. అప్పుడు ఒళ్ళు దానిమీద తిరగబడుతుంది. ఎరుపు, వాపు, చీము, నొప్పి అన్నీ ఆ తిరుగుబాటే.

ముఖం సరిగ్గా కడుక్కోకపోవడం వల్ల మొటిమలు వస్తాయని పిల్లని సాధించకండి. రోజుకి ఆరుసార్లు సబ్బుతో తోమితే చర్మం ఇంకా మండుతుంది తప్ప మొటిమ పోదు. రెండుసార్లు మెత్తని సబ్బుతో కడిగితే చాలు.

నల్లచుక్కలు, తెల్లగింజలు మాత్రమే ఉన్న ముఖానికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. అక్కడ పని చెయ్యాల్సింది పైపూత మందు. ఎర్రటి పొక్కులు, చీము పొక్కులు ముఖం నిండా ఉండి పైపూతతో లొంగనప్పుడు, వీపుకీ ఛాతీకీ పాకినప్పుడు, లోపల గడ్డలు కట్టి గుంటలు పడతాయని భయం ఉన్నప్పుడు డాక్టరు గొట్టం మొదలుపెడతారు. డాక్సీసైక్లిన్‌కి ఇంకో గుణం కూడా ఉంది. సూక్ష్మజీవిని అణచడంతో పాటు వాపుని కూడా చల్లారుస్తుంది. అందుకే గడ్డ మొటిమలకి అది అంతగా నప్పుతుంది.

బంగారు రంగు మందు, మన తెలుగువాడు

ఈ మందు పుట్టుక వెనక ఒక తెలుగు పేరుందని మీకు తెలుసా? డాక్సీసైక్లిన్‌ది టెట్రాసైక్లిన్ అనే కుటుంబం. ఆ కుటుంబానికి పెద్దబిడ్డ ఆరియోమైసిన్. అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ ఊరూరి నుంచి మట్టి నమూనాలు తెప్పించి వెతికిస్తుంటే, మిసోరీ రాష్ట్రం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త కంటబడింది. అది తయారుచేసే పదార్థమే ఆరియోమైసిన్. బంగారానికి లాటిన్ మాట నుంచి ఆ పేరు. 1948లో లోకానికి వెల్లడైంది. అప్పుడు లెడర్లీలో పరిశోధనలకి పెద్దగా ఉన్నవారు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. (మన పక్క పైడిభీమవరం కాదండోయ్, గోదావరి భీమవరం! పైడి అంటే బంగారమే, అక్కడా ఇప్పుడు మందుల ఫ్యాక్టరీలే. అది వేరే సంగతి.) తోడబుట్టినవాళ్ళు పేగుల జబ్బుతో పోవడం చూసి వైద్యంలోకి వచ్చిన మనిషి. 1920ల మొదట్లో భార్య శేషగిరి గారిని ఇక్కడ వదిలి అమెరికా వెళ్ళినవారు మళ్ళీ తిరిగి రాలేదు. 1948లోనే అక్కడ కన్నుమూశారు. ఆయన ప్రయోగశాల పేరు చెప్పుకుని బతికినవాళ్ళు లక్షలమంది. ఆ ఇల్లాలి ఎదురుచూపు సంగతి మాత్రం మనం అంతగా చెప్పుకోము.

ఆ కుటుంబంలోనే డాక్సీసైక్లిన్ 1967లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. దాన్ని కనిపెట్టింది మొటిమల కోసం కాదు. పొలాల్లో, తుప్పల్లో చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం ఉంది చూశారూ, కుట్టిన చోట నల్లటి పెచ్చు కట్టే జ్వరం, దానికి మొదటి మందు ఇదే. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో పనిచేసేవాళ్ళకి వచ్చే లెప్టోస్పైరోసిస్‌కి కూడా వాడతారు. కలరాకి వాడతారు. 1994లో సూరత్‌లో ప్లేగు అన్న వార్త రాగానే దేశంలో ఎన్నో ఊళ్ళల్లో జనం టెట్రాసైక్లిన్ గొట్టాల కోసం షాపుల మీద పడ్డారు, చాలాచోట్ల సరుకు నిండుకుంది. అవసరం వచ్చినప్పుడు ఈ గొట్టం విలువ ఏమిటో ఆనాడు తెలిసింది.

సంక్రాంతికి మొదలెడితే శ్రీరామనవమికి ఆపాలి

గొట్టం వేసిన వారానికే ముఖం అద్దంలా అయిపోతుందని ఆశపడకండి. మార్పు కనబడడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పదిరోజులు వేసి "పనిచెయ్యలేదు" అని మానెయ్యడం ఎంత తప్పో, పనిచేసింది కదా అని ఏడాది వెయ్యడం అంతకన్నా తప్పు. బ్రిటన్‌లో 2021లో వచ్చిన వైద్య సూచనల ప్రకారం పన్నెండు వారాలకి ఒకసారి డాక్టరు తిరిగి చూడాలి, ముఖం శుభ్రపడితే ఆపెయ్యాలి. ఆరు నెలలు దాటడం అనేది చాలా అరుదైన కేసుల్లోనే. 2024లో అమెరికా చర్మవైద్యుల సంఘం చెప్పింది కూడా అదే తీరు: వీలైనన్ని తక్కువ రోజులు, పైపూతతో కలిపి. మన లెక్కలో చెప్పాలంటే సంక్రాంతి రోజున మొదలెట్టిన గొట్టం శ్రీరామనవమి పానకం తాగేనాటికి ఆగిపోవాలన్నమాట. చీటీ రాసేటప్పుడే "ఎప్పుడు ఆపాలి డాక్టరుగారూ?" అని అడగండి. క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ గుండ్రంగా గీసి పెట్టండి.

ఎక్కువ రోజులు వేస్తే ఏమవుతుంది? మింగిన గొట్టం సరాసరి మొటిమ దగ్గరికే పోదు. గొంతు, పేగులు, ఒళ్ళంతా తిరుగుతుంది. దారిలో ఉన్న లక్షల సూక్ష్మజీవుల్లో బలహీనమైనవి చస్తాయి, మందుని తట్టుకోగలిగినవి మిగులుతాయి. రోజూ మందు పడుతుంటే మిగిలినవే సంతానం పెంచుకుంటాయి. యాంటీబయాటిక్‌కి లొంగని మొటిమల సూక్ష్మజీవులు 1970ల చివర్లోనే బయటపడ్డాయి. అవి మొటిమలున్న పిల్ల ముఖం మీదే ఆగవు, ఇంట్లో కలిసి ఉండేవాళ్ళ చర్మం మీదికి కూడా చేరతాయని పరిశోధనల్లో తేలింది. మొటిమలు లొంగకపోతే పోనీ అనుకోవచ్చు. పేగుల్లోని సూక్ష్మజీవులు ఆ తట్టుకునే గుణాన్ని ఒకదానికొకటి అందించుకుంటాయి, అదీ భయం. రేపు ఇంట్లో ఎవరికైనా నిజమైన జబ్బు వస్తే అలవాటైన మందు పనిచెయ్యకపోవచ్చు.

అజిత్రోమైసిన్ విషయంలో ఇది ఇంకా గట్టిగా చెప్పాలి. మన దేశంలో టైఫాయిడ్‌కి పాత మందులు చాలావరకు పట్టు తప్పాయి. నోటితో వేసుకునే వాటిలో మిగిలిన కొద్దిపాటి దిక్కులో అజిత్రోమైసిన్ ఒకటి. 2020, 2021లో కోవిడ్ సమయంలో దాన్ని శనగల్లా నమిలేశాం. డాక్టర్లు కొన్ని సందర్భాల్లో, డాక్సీసైక్లిన్ పనికిరాని వాళ్ళకి, మొటిమలకి కూడా రాస్తారు. అది వాళ్ళ విచక్షణ. మనంతట మనం "వారానికి మూడు" అని కొనుక్కోవడం మాత్రం కూడదు. యాంటీబయాటిక్ స్ట్రిప్పుల మీద నిలువుగా ఎర్రగీత ఉంటుంది చూడండి. చీటీ లేకుండా వాడొద్దని దాని అర్థం. కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో దీని గురించి ప్రచారం కూడా చేసింది.

ఒంటరి గొట్టం వద్దు

గొట్టం మాత్రమే రాసి, పైపూత రాయని చీటీ అసంపూర్తి చీటీ అని నా ఉద్దేశం. గొట్టంతో పాటు బెంజాయిల్ పెరాక్సైడ్ అనే పూత ఉంటే సూక్ష్మజీవి మందుకి అలవాటు పడదు, ఎందుకంటే దీన్ని తట్టుకునే శక్తి ఇంతవరకు వాటికి రాలేదు. 2.5 శాతం పూతతో మొదలుపెట్టి, రోజు విడిచి రోజు, పల్చగా. మొదటి రెండు వారాలు కాస్త మంట, పొట్టు రాలడం ఉంటాయి. ఇంకో పూత అడాపలిన్. రాత్రి పడుకోబోయే ముందు బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా పల్చగా రాయాలి, ఒక్కో మొటిమ మీదా చుక్క పెట్టడం కాదు. ఇది మూసుకున్న రంధ్రాలని తెరుస్తుంది. గొట్టం ఆపేశాక ముఖాన్ని కాపాడేది ఈ పూతలే. అవి నెలల తరబడి వాడినా పరవాలేదు.

ఒక్క హెచ్చరిక. బెంజాయిల్ పెరాక్సైడ్ బట్టల రంగు తినేస్తుంది! రంగు తువ్వాలు, దిండు గలీబు, జాకెట్టు మెడ, చున్నీ అంచు... తగిలిన చోటల్లా తెల్లమచ్చలు పడతాయి. ఉతికితే పోవు. పిల్లకి ఒక తెల్ల తువ్వాలు, పాత తెల్ల గలీబు కేటాయించండి. పట్టుపరికిణీ కట్టే రోజున పూత పూర్తిగా ఆరాకే కట్టుకోమనండి.

గొట్టం మింగడంలో మెలకువలు

డాక్సీసైక్లిన్ గొట్టం గొంతులో అంటుకుంటే అక్కడే పుండు చేస్తుంది. మంచం మీద పడుకోబోతూ గుక్కెడు నీళ్ళతో వేసుకునే పిల్లలకి మర్నాటి నుంచి మింగుడు పడదు, ఛాతీలో మంట. కాబట్టి నిలబడో కూర్చునో, నిండు గ్లాసు నీళ్ళతో మింగాలి. తర్వాత అరగంట పడుకోకూడదు. ఖాళీ కడుపు మీద వికారం పెడుతుంది గనక ఉదయం టిఫిను తిన్నాక వేసుకోవడం మేలు.

బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్ర, లేదా రక్తం తక్కువని డాక్టరు రాసిన ఐరన్, కాల్షియం మాత్ర, గ్యాసుకి తాగే తెల్లటి మందు, వీటిలో ఏదైనా గొట్టంతో పాటే వేస్తే రెండూ కడుపులో ముడిపడిపోతాయి, గొట్టం ఒంటికి పట్టదు. మధ్యలో మూడు గంటలు తేడా ఉంచండి. పాలు, చోడి అంబలి కూడా గొట్టంతో పాటు తాగకుండా కాస్త ఎడంగా ఇవ్వడం మంచిది. ఐరన్ మాత్ర మానిపించడం మాత్రం వద్దు, మన పిల్లల్లో రక్తహీనత సంగతి మనకి తెలియనిది కాదు.

ఎండ! ఈ గొట్టం వేసుకునేవాళ్ళకి ఎండ త్వరగా కాటేస్తుంది. మామూలుగా చమట పట్టి ఊరుకునే ఎండకే ముఖం, చేతులు కాలినట్టు ఎర్రబడి మండుతాయి. తీరంలో చేపలు ఆరబెట్టే పిల్లలకి, మధ్యాహ్నం బస్సు కోసం హైవే పక్కన నిలబడే కాలేజీ పిల్లలకి ఇది పెద్ద ఇబ్బంది. గొడుగు, ముఖానికి చున్నీ, పొడుగు చేతుల జాకెట్టు, సన్‌స్క్రీన్ ఉంటే అది కూడా. వేసవి మూడు నెలలూ ఎండలో పని తప్పదనుకుంటే ఆ మాట ముందే డాక్టరుతో చెప్పండి.

ఇంకో మాట, చెప్పుకోవడానికి సిగ్గుపడే మాట. కొందరికి గొట్టాలు వేస్తుంటే కింద దురద, పెరుగులాంటి తెల్లబట్ట వస్తాయి. మందు వల్ల అక్కడ బూజు పెరగడమే కారణం. ఇది చెడ్డ జబ్బు కాదు, పిల్లని అనుమానంగా చూడక్కర్లేదు. డాక్టరుతో చెబితే సులువుగా తగ్గే మందు ఇస్తారు. తలనొప్పి తీవ్రంగా వచ్చి చూపు మసకబారితే మాత్రం గొట్టం ఆపేసి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

గర్భిణులు ఈ గొట్టం వేసుకోకూడదు. లోపలి బిడ్డ ఎముకలకి, పళ్ళకి చెరుపు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి మొటిమలు సాధారణంగా రావు గాని, అక్క గొట్టాలు డబ్బాలో కనబడితే బిళ్ళలనుకుని నోట్లో వేసుకునే తమ్ముళ్ళున్నారు, అందనంత ఎత్తులో పెట్టండి. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి మొటిమల కోసం డాక్టరు దగ్గరికి వెళ్తే నెల తప్పిన సంగతి, బిడ్డ కావాలనుకుంటున్న సంగతి ముందే చెప్పాలి. పాలిచ్చే తల్లి కూడా చెప్పాలి. మిగిలిపోయిన గొట్టాల్ని "రేపెప్పుడైనా పనికొస్తాయి" అని దాచుకోకండి. గడువు దాటి పాడైన పాత టెట్రాసైక్లిన్ వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు వైద్య చరిత్రలో ఉన్నాయి.

షాపులో దొరికే ఇంకో ప్రమాదం

గొట్టం కన్నా నాకు ఎక్కువ భయం వేసేది చిన్న ట్యూబు. మొటిమలు, మచ్చలు, నలుపు, అన్నిటికీ ఒకటే అని అమ్మే క్రీములో చాలాసార్లు బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన నాలుగు రోజులు ముఖం తేటగా, తెల్లగా కనబడుతుంది. పెళ్ళిచూపుల ముందు ఇంకేం కావాలి! నెలలు గడిచేసరికి చర్మం ఉల్లిపొరలా పల్చబడి, ఎర్రటి నరాలు తేలి, గడ్డం మీద వెంట్రుకలు వచ్చి, ఇంతకుముందు కన్నా ఎక్కువ మొటిమలు వస్తాయి. ఆపితే మంట. 2018లో ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ ఉంటేనే అమ్మాలని నిబంధన తెచ్చింది. నిబంధన కాగితం మీద ఉంది, ట్యూబు డ్రెస్సింగు టేబులు మీద ఉంది. మీ ఇంట్లో ఉన్న ట్యూబు మీద పేరు ఒకసారి చదవండి.

మూడు నెలల గొట్టానికి, పూతకి లొంగని గడ్డ మొటిమలకి ఐసోట్రెటినాయిన్ అనే మందుంది. బాగా పనిచేస్తుంది. కానీ గర్భంలో బిడ్డకి ఘోరమైన అవకరాలు తెస్తుంది కాబట్టి ఆ మందు వాడేటప్పుడు, ఆపాక కనీసం ఒక నెల వరకు గర్భం రాకూడదు. రక్తపరీక్షలు చేయించుకుంటూ చర్మవైద్యుల దగ్గరే వాడాలి. డాక్సీసైక్లిన్‌తో కలిపి అస్సలు వాడకూడదు.

నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తూ, గడ్డం మీద, పైపెదవి మీద వెంట్రుకలు పెరుగుతూ, మొటిమలు దవడ చుట్టూ వస్తుంటే గొట్టంతో కాలం గడపకండి. అది అండాశయాల్లో నీటిబుడగల సమస్య, పీసీఓఎస్, కావచ్చు. ఆడ డాక్టరుకి చూపించాలి.

వంటింట్లో ఏముంది?

శనగపిండి, పసుపు హాని చెయ్యవు, పెద్దగా మేలూ చెయ్యవు. నిమ్మరసం, టూత్‌పేస్టు, వంటసోడా మాత్రం ముఖం మీదికి రానివ్వకండి, చర్మం కాలి నల్లమచ్చ పడుతుంది. తలకి కొబ్బరినూనె రాసి నుదుటి మీదికి జారనిస్తే అక్కడ రంధ్రాలు మూసుకుంటాయి. నూనె రాసిన రాత్రి జడ గట్టిగా వేసి, దిండు మీద పాత గుడ్డ పరవండి. తీపి, మైదా, కూల్‌డ్రింకులు తగ్గిస్తే కొందరికి మొటిమలు తగ్గుతాయని అధ్యయనాలున్నాయి. నూనె వంటలు, వేరుశనగలు తింటే మొటిమలొస్తాయన్న దానికి గట్టి ఆధారం లేదు, అట్లతద్దినాడు పిల్లని అట్లు తిననివ్వండి.

మరి డాక్టరు ఎక్కడ? విశాఖపట్నం కింగ్ జార్జి ఆస్పత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. మొదటిసారి ఒకటి, పన్నెండో వారం ఒకటి, రెండు ప్రయాణాలు. ఏడాది పాటు షాపులో కొన్న స్ట్రిప్పుల ఖర్చు లెక్కేసుకుంటే ఆ బస్సు ఛార్జీలు బరువనిపించవు. వెళ్ళేటప్పుడు ఇంతవరకు వాడిన స్ట్రిప్పులు, ట్యూబులు అన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్ళండి. "ఏవో ఎర్రగొట్టాలు వాడామండీ" అంటే డాక్టరుకి ఏం తెలుస్తుంది?

మొటిమ తగ్గాక మిగిలే గోధుమ రంగు మరకల గురించి దిగులక్కర్లేదు, ఎండ తగలనివ్వకపోతే కొన్ని నెలల్లో అవే పలచబడతాయి. గిల్లితే పడే గుంటలు మాత్రం వాటంతటవి పూడవు. వాటికి చర్మవైద్యుల దగ్గర చిన్న సూదుల చికిత్స, లేజరు లాంటివి ఉన్నాయి, ఖర్చుతో కూడినవి. గడ్డ మొటిమలు మొదలైన నెలలోనే పిల్లని తీసుకెళ్ళమనేది అందుకే. అంతవరకు ఆ చేతులు ముఖం మీదికి పోకుండా, గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉంచండి.